పూత ఉన్నంతవరకే మెరుపు

నూజివీడు చుట్టుపక్కల వేసవిలో కారు ఆపాలంటే ఎవరైనా ముందు వెతికేది చెట్టు నీడ. ఇక్కడ చెట్టంటే మామిడే. బండి నీడన పెట్టి, తోటలో బేరం ముగించుకుని గంటకు తిరిగొచ్చేసరికి బోనెట్ మీద చుక్కలు చుక్కలుగా బంక. పూత దశలో అయితే తేనెమంచు పురుగు వదిలిన తీపి జిగురు, కోతల కాలంలో అయితే తొడిమ తెగిన కాయ నుంచి చిమ్మిన సొన. యజమాని ఏం చేస్తాడు? సీటు మీదున్న తువ్వాలు తీసి పొడిగానే గట్టిగా రుద్దుతాడు. జిగురు పోతుంది కానీ, దానికి అంటుకున్న దుమ్ము కారు నిండా సన్నటి గీతలు పెట్టి పోతుంది. వారం తిరక్కుండా ఆ బండి విజయవాడలో ఏదో ఒక పాలిష్ షెడ్డుకు చేరుతుంది.

అక్కడ మెషిన్ పట్టుకుని నిలబడేది మీ వయసు కుర్రాడే. ఐటీఐ చదివినవాడో, డిప్లొమా మధ్యలో ఆపినవాడో, బీటెక్ పూర్తిచేసి ‘ఏదో ఒకటి దొరికేదాకా’ అని చేరినవాడో. అతని పని గురించి, అందులోనూ చెయ్యి వణికించే ఒక చిన్న భాగం గురించి ఈ వారం మాట్లాడుకుందాం. కార్బన్ ఫైబర్‌తో చేసి, పైన క్లియర్‌కోట్ వేసిన విడిభాగాలను చెడగొట్టకుండా, మన ఆరోగ్యం చెడకుండా పాలిష్ చేయడం ఎలా అన్నదే విషయం.

‘నూజివీడులో కార్బన్ ఫైబర్ కార్లెక్కడివండీ?’ అని మీరు నవ్వుకోవచ్చు. నిజమే, ఒంటినిండా కార్బన్ ఫైబర్ ఉన్న కార్లు మన రోడ్ల మీద కనిపించడం అరుదు. కానీ పక్క అద్దాల తొడుగులు, వెనక స్పాయిలర్లు, ముందు బంపరు కింది పెదవి, ఖరీదైన బైకుల మడ్‌గార్డులు, హెల్మెట్ల రూపంలో ఆ నల్లటి అల్లిక ఇప్పుడు జిల్లా పట్టణాలకూ వచ్చేసింది. పైగా ఈ పని నేర్చుకోవడంలో లాభం ఆ నాలుగు భాగాలతో ఆగదు. ఉక్కు బోనెట్ మీద తప్పు చేస్తే రంగు కలిపి మళ్లీ కొట్టి కప్పిపుచ్చుకోవచ్చు. కార్బన్ ఫైబర్ మీద ఆ వీల్లేదు. అక్కడ క్లియర్‌కోట్ కింద రంగు ఉండదు, నేరుగా అల్లికే కనిపిస్తుంది. ఒక్కచోట పూత తెగిందంటే కింద ఉన్నది రెజిన్, దారం. వాటికి రంగు డబ్బా ఏ దుకాణంలోనూ దొరకదు. ఆ భాగం మీద తప్పు చేయని చెయ్యి మిగతా ఏ భాగం మీదైనా తప్పు చేయదు.

మామిడి రైతు ఇంట పుట్టినవాళ్లకు ‘పూత’ అన్న మాట విలువ చెప్పక్కర్లేదు. పూత నిలిస్తేనే కాపు. క్లియర్‌కోట్‌దీ అదే కథ. దాన్ని కొలతల్లో చూస్తే భయం వేస్తుంది. ఫ్యాక్టరీలో వేసే క్లియర్‌కోట్ మందం సాధారణంగా 35 నుంచి 50 మైక్రాన్లు. మన తలవెంట్రుక సుమారు 70 మైక్రాన్లు. అంటే కారు మీద మెరిసే ఆ పొర మొత్తం వెంట్రుకంత మందం కూడా లేదు. తేలికపాటి ఫినిషింగ్ పాలిష్‌తో ఒక మైక్రాన్ అటూఇటుగా పోతుంది. రబ్బింగ్ కంపౌండ్ వేస్తే అంతకు కొన్ని రెట్లు. వాటర్ పేపర్ పట్టారంటే ఇంకా ఎక్కువ. పాలిష్ చేయడమంటే మెరుపును పైన అద్దడం కాదు, పైపొరను గీత లోతు దాకా అరగదీయడం. ‘పాలిష్ వేశాం’ అంటాం కానీ నిజానికి ప్రతిసారీ తీస్తున్నాం. వేయడం అనే మాట మైనానికి, కోటింగ్‌కి సరిపోతుంది.

ఇక కింద ఉన్న పదార్థం. కార్బన్ ఫైబర్ ఒక్కో పోగు మందం 5 నుంచి 7 మైక్రాన్లు. అలాంటి వేల పోగులను కట్టగా చేసి, గుడ్డలా నేసి, ఎపాక్సీ రెజిన్‌తో తడిపి, అచ్చులో గట్టిపరుస్తారు. 1960లలో జపాన్, బ్రిటన్ ప్రయోగశాలల్లో రూపుదిద్దుకున్న ఈ పదార్థాన్ని 1981లో మెక్‌లారెన్ సంస్థ తన ఫార్ములా వన్ కారు ఎంపీ4/1 చట్రానికి వాడింది. అదే ఏడాది ఇటలీలోని మోంజాలో ఆ కారు ఘోరంగా గుద్దుకుని ముక్కలైనా, డ్రైవర్ జాన్ వాట్సన్ నడుచుకుంటూ బయటికి రావడంతో అనుమానాలు తీరిపోయాయి. మనకు దగ్గరి ఉదాహరణ కావాలంటే హైదరాబాద్ చూడండి. క్షిపణుల కోసం తయారుచేసిన తేలికపాటి మిశ్రమ పదార్థాన్ని నిమ్స్ వైద్యుడొకరు చేత్తో పట్టుకుని చూసి, పోలియో పిల్లల కాళ్లకు తొడిగే పట్టీల గురించి అడిగారని, 3 కిలోల లోహపు పట్టీల స్థానంలో 300 గ్రాములవి చేసి ఇచ్చామని అబ్దుల్ కలాం చెప్పేవారు. బలం తగ్గకుండా బరువు తగ్గించడం, అదీ ఈ జాతి పదార్థాల ఘనత.

అయితే ఎపాక్సీకి ఒక బలహీనత ఉంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు అది పసుపెక్కుతుంది, పైపైన తెల్లగా పొడిబారుతుంది. అందుకే ఆ కిరణాలను ఆపే రసాయనాలు కలిపిన క్లియర్‌కోట్ పైన వేస్తారు. అది అందానికే అనుకుంటే పొరపాటు. ఆ పూత కారుకు గొడుగు. మీరు అతిగా రుద్దిన ప్రతిసారీ ఆ గొడుగు పలచబడుతుంది. ఈ రోజు అద్దంలా మెరిసిన స్పాయిలర్ రెండు ఎండాకాలాలు తిరిగేసరికి పచ్చబడితే ఆ నష్టం ఎవరి ఖాతాలోకి వెళ్తుందో మీరే ఆలోచించండి.

నేను చూసిన ఒక సంగతి చెబుతాను. ఊరు, షెడ్డు పేరు అనవసరం. చేరి మూడు వారాలైన ఒక కుర్రాడికి అద్దం తొడుగు ఇచ్చి ‘మెరిపించరా’ అన్నారు. రోటరీ మెషిన్‌కు ఉన్నిపట్టీ, దాని మీద కంపౌండ్. అంతకుముందు రోజు బస్సు బంపర్‌కు వాడిన సరంజామానే. అంచు దగ్గర పట్టుమని పది సెకన్లు ఆగిందో లేదో, తెల్లటి మచ్చ, దాని మధ్యలో నల్లటి పీచు. తొడుగు ఖరీదు అతని రెండు నెలల జీతం కంటే ఎక్కువ. యజమాని తిట్టాడు, జీతంలో కోశాడు. కుర్రాడు మళ్లీ పనికి రాలేదు. తప్పు అతనిదేనా? ఏ మెషిన్, ఏ పట్టీ, ఎంత వేడి అన్నది అతనికి ఎవరూ చెప్పలేదు. అతనూ అడగలేదు. అడిగితే ‘తెలియకుండానే చేరావా’ అంటారని భయం. మన యువత ఉద్యోగాలు పోగొట్టుకునేది ఎక్కువగా ఈ అడగని ప్రశ్నల దగ్గరే.

కాబట్టి అతనికి ఎవరూ చెప్పనిది ఇక్కడ చెప్పుకుందాం.

మెషిన్ ముట్టుకోకముందే తేల్చుకోవాల్సింది, అది అసలు కార్బన్ ఫైబరేనా అన్నది. మార్కెట్లో కనిపించే ‘కార్బన్’లో చాలా వరకు స్టిక్కరే. దాని మీద మెషిన్ పెడితే చుట్టుకుని ఊడొస్తుంది, లేదా కరిగిపోతుంది. అంచు దగ్గర గోరుతో మెల్లగా తడిమితే స్టిక్కర్ మడత తగులుతుంది. వెనక్కి తిప్పి చూస్తే మామూలు ప్లాస్టిక్ బయటపడుతుంది. అసలు అల్లిక వెలుతురులో భాగాన్ని వంచుతుంటే ఒక గడి మెరిసి పక్క గడి చీకటవుతూ లోతుగా కనిపిస్తుంది. ఆ తర్వాత చూడాల్సింది పూత రకం. మెరుపు లేని మ్యాట్ క్లియర్‌కోట్ అయితే పాలిష్ మాటే ఎత్తొద్దు. దాన్ని రుద్దితే అక్కడక్కడా మెరుపు మచ్చలు పడతాయి. మళ్లీ మ్యాట్ చేయడానికి మొత్తం పూత కొత్తగా వేయడం తప్ప దారి లేదు.

కడగడం చిన్నపనిలా కనిపిస్తుంది కానీ గీతల్లో ఎక్కువ భాగం అక్కడే పుడతాయి. ముందు నీళ్లు ధారగా పోసి దుమ్ము వదిలించాలి. తర్వాత షాంపూ నీళ్లలో ముంచిన మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో, ఒత్తిడి లేకుండా తుడవాలి. ఎండలో వద్దు. మే నెల మధ్యాహ్నం నల్లటి భాగం మీద చెయ్యి పెట్టలేం, షాంపూ అక్కడికక్కడే ఎండి మరకలవుతుంది.

మామిడి సొన సంగతి వేరు. కోత కూలీలను అడగండి, సొన చేతికి తగిలితే చర్మం ఎలా పొక్కుతుందో చెబుతారు. కాయ మీద పడినా నల్లటి మచ్చే. అందుకే మంచి రైతులు తొడిమ కొంచెం ఉంచి కోసి, తర్వాత దాన్ని తుంచి కాయను బోర్లించి సొన కారనిస్తారు. సొనలో నూనెలాంటి భాగం ఒకటి ఉంటుంది. తార్పిన్ నూనెలో ఉండే టెర్పీన్ జాతి పదార్థాలే అందులోనూ ఉంటాయి. ఎండలో మగ్గితే అది కారు పూతనూ కొరుకుతుంది. గోటితో గీకొద్దు, బ్లేడు అసలే వద్దు. గోరువెచ్చటి నీళ్లలో తడిపిన గుడ్డ కొన్ని నిమిషాలు దాని మీద పరిచి నానబెట్టండి. ఇంకా వదలకపోతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను గుడ్డకు కొద్దిగా తడిపి, మెల్లగా అద్ది తీసి, వెంటనే నీళ్లతో కడిగేయండి. థిన్నర్, పెట్రోలు జోలికి పోవద్దు. తేనెమంచు జిగురు అయితే ఇంత శ్రమ అక్కర్లేదు, అది చక్కెర లాంటిదే కాబట్టి నీళ్లకే కరుగుతుంది. దాన్ని వారాల తరబడి వదిలేస్తే మాత్రం ఆకుల మీద పట్టినట్టే కారు మీదా మసి బూజు పడుతుంది.

ఇప్పుడు మెషిన్. ఒకే ఇరుసు మీద గిర్రున తిరిగే రోటరీ కొత్త చేతికి వద్దు. అది ఒకేచోట వేడి పుట్టిస్తుంది. తిరుగుతూనే పక్కలకూ కదిలే డ్యూయల్ యాక్షన్ మెషిన్, షెడ్డుల్లో డీఏ అని పిలిచేది, చాలా మేలు. పనివాడు కాస్త ఏమరుపాటుగా ఉన్నా అది క్షమిస్తుంది. పట్టీ మెత్తటి ఫోమ్‌ది కావాలి, ఉన్నిది కాదు. మందు విషయంలో సూత్రం ఒక్కటే. అన్నిటికంటే మెత్తటిదానితో మొదలుపెట్టి, చాలకపోతేనే ఒక మెట్టు గట్టిదానికి వెళ్లాలి. మన షెడ్డుల్లో ఇది తలకిందులుగా జరుగుతుంది. ముందు కంపౌండ్‌తో కోసి, ఆ మచ్చలు పోగొట్టడానికి పాలిష్ పడతారు. టైము కలిసొస్తుందని వాళ్ల లెక్క. పూత మందం ఎంతో తెలియని భాగం మీద ఆ లెక్క జూదమే.

మందం కొలవొచ్చు కదా అంటారా? ఇక్కడో తిరకాసు ఉంది. షెడ్డుల్లో ఉండే చిన్న మీటర్లు కింద లోహం ఉందన్న నమ్మకంతో పనిచేస్తాయి. అయస్కాంతంతో కొలిచేది ఉక్కుకు, సుడి విద్యుత్తుతో కొలిచేది అల్యూమినియానికి. కార్బన్ ఫైబర్ మీద పెడితే అంకె రాదు, వచ్చినా నమ్మడానికి లేదు. దీనికి అల్ట్రాసోనిక్ మీటర్ కావాలి, దాని ధర అందరూ భరించలేరు. అది లేనప్పుడు ఈ పూత పలచనిదే అనుకుని పని చేయాలి. ఇంటర్వ్యూలో ఈ ఒక్క మాట చెప్పగలిగిన అభ్యర్థిని అనుభవమున్న యజమాని వదులుకోడు.

ముందుగా బయటికి అంతగా కనిపించని మూల ఒకటి, అరచేతి అంత జాగా, ఎంచుకుని ప్రయత్నించాలి. అంచులకు, మడతలకు మాస్కింగ్ టేప్ అంటించాలి. పూత అంచుల దగ్గరే అన్నిటికంటే పలచగా ఉంటుంది, మెషిన్ ఒత్తిడి అక్కడే ఎక్కువ పడుతుంది. అంచుల పని చివర్లో చేత్తో. మెషిన్‌ను మధ్యస్థ వేగంలో ఉంచి, పట్టీ ఉపరితలానికి సమంగా ఆనేలా, మెషిన్ బరువు తప్ప మీ బరువు మోపకుండా, అడ్డంగా ఒకసారి నిలువుగా ఒకసారి నెమ్మదిగా నడపాలి. రెండు వరసలకు ఒకసారి ఆపి చేతి వెనక భాగం ఆనించి చూడండి. వెచ్చగా ఉంటే పర్లేదు. మూడు నాలుగు సెకన్లు ఉంచలేనంత వేడిగా ఉంటే పక్కకు తప్పుకుని చల్లారనివ్వండి. ఉక్కు రేకు వేడిని తనలోకి లాగి చుట్టూ పంచేస్తుంది. రెజిన్‌తో నిండిన ఈ పలక అలా లోతుకు లాక్కోదు, వేడి పైపొరలోనే నిలుస్తుంది. క్లియర్‌కోట్ మెత్తబడి పట్టీకి అంటుకోవడం, రెజిన్ కుంగి అల్లిక గళ్లు పైకి తేలినట్టు కనిపించడం ఈ వేడి వల్లనే.

ఒక గుర్తు మరవకండి. క్లియర్‌కోట్ అరుగుతున్నప్పుడు పట్టీకో, వాటర్ పేపర్ నీళ్లకో వచ్చే మడ్డి తెల్లగా ఉంటుంది. అది బూడిద రంగుకో నలుపుకో తిరిగిందంటే మీరు పూత దాటి దారాన్ని తాకారు. ఆ క్షణమే ఆపేయాలి. ఇంకొంచెం రుద్దితే సమమవుతుందని అనిపిస్తుంది. అవదు.

ఇక చేయకూడని పనులు. గీత గోటికి తగిలేంత లోతుగా ఉంటే దాన్ని పూర్తిగా తీయాలని పట్టుబట్టొద్దు. దాని అంచుల మొరటుదనం తగ్గించి, కంటికి ఆనకుండా చేయడంతో ఆగాలి. పసుపు రంగు పూత లోపలిదో రెజిన్‌దో అయితే పైన ఎంత రుద్దినా పోదు. సాలెగూడు లాంటి పగుళ్లు, తెల్లటి బుడగ లాంటి ఉబ్బు కనిపిస్తే అది దెబ్బ తగిలిన గుర్తు. లోపల పొరలు విడిపోయి ఉండొచ్చు. దాన్ని మెరిపించి ఇవ్వడం కస్టమర్‌ను మోసం చేయడమే. బోనెట్టో, హెల్మెట్టో అయితే ప్రాణం మీదికి తేవడం కూడా. హెల్మెట్ విషయంలో ఇంకా కచ్చితంగా ఉండాలి. దెబ్బ తిన్న హెల్మెట్‌ను పాలిష్‌కు తీసుకోకూడదు. ‘ఇది నా చేతిలో పని కాదండీ, కొత్తది కొనుక్కోండి’ అని చెప్పడం వచ్చి ఉండాలి. ఆ మాట కుర్రాడు చెబితే వినరు నిజమే. కానీ ఫోన్‌లో ఆ పగులు ఫొటో తీసి, పెద్ద చేసి చూపిస్తే వింటారు. బండి తీసుకున్నప్పుడే అన్ని గీతలూ ఫొటో తీసి పెట్టుకోవడం మీకూ రక్షణే.

ఇంతసేపూ కారు గురించి. ఇప్పుడు మీ ఊపిరితిత్తుల గురించి. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇదే.

గట్టిపడిన క్లియర్‌కోట్‌ను మెత్తటి ఫోమ్‌తో పాలిష్ చేసినంతవరకు పెద్ద ప్రమాదం లేదు. కళ్లద్దాలు, నైట్రైల్ గ్లౌజులు, చెవులకు రక్షణ ఉంటే చాలు. పేపర్ పట్టిన క్షణం నుంచి కథ మారుతుంది. పూత దాటి దారం తెగితే వచ్చే ధూళి సన్నటి ముళ్లపొడి లాంటిది. చర్మం దురద, కళ్ల మంట, గొంతు గరగర. ఆ ధూళి విద్యుత్తును కూడా మోస్తుంది కాబట్టి స్విచ్‌బోర్డులో, ఛార్జర్‌లో, మెషిన్ మోటారులో చేరితే షార్ట్ అవ్వొచ్చు. అందుకే పొడిగా ఎప్పుడూ రుద్దకూడదు, తడిపే చేయాలి. ఎన్95 కంటే తక్కువ మాస్కు వాడకూడదు. కంప్రెసర్ గాలితో ఒంటి మీది దుమ్ము దులుపుకొనే అలవాటు ప్రతి షెడ్డులో ఉంది. దానివల్ల పోగులు చర్మంలోకి, కళ్లలోకి దిగుతాయి. తడిగుడ్డతో తుడుచుకోండి. పని బట్టలను ఇంట్లో పిల్లల బట్టలతో కలిపి ఉతకొద్దు.

అన్నిటికంటే పెద్ద ముప్పు కొత్త పూత స్ప్రే చేసేటప్పుడు. పూత తెగిన భాగానికి మళ్లీ వేసే టూకే క్లియర్‌లో కలిపే హార్డ్‌నర్‌లో ఐసోసైనేట్లు ఉంటాయి. 1984లో భోపాల్‌లో వేలమందిని బలిగొన్నది మిథైల్ ఐసోసైనేట్. షెడ్డులో వాడేది అదే పదార్థం కాదు, అంత తీవ్రమైనదీ కాదు. కానీ కుటుంబం ఒకటే. స్ప్రే తుంపరలను పీల్చిన కొందరికి శరీరం దానికి అలవాటు పడే బదులు ఎదురు తిరుగుతుంది. ఆస్తమా వస్తుంది. ఒకసారి వచ్చాక అతి కొద్ది మోతాదు సోకినా మళ్లీ ఊపిరాడదు. ఆ వృత్తే వదిలేయాల్సి వస్తుంది. ముక్కుకు కట్టుకునే రుమాలు సరేసరి, ఎన్95 మాస్కు కూడా ఈ ఆవిర్లను ఆపదు. బయటి నుంచి స్వచ్ఛమైన గాలి అందించే ముసుగు, గాలి లాగే స్ప్రే బూత్ కావాలి. అవి లేని చోట ‘క్లియర్ కొట్టు’ అంటే కొట్టకండి. నిన్ననే వేసిన, ఇంకా పూర్తిగా ఆరని పూతను రుద్దడం కూడా ఇదే కోవలోకి వస్తుంది.

ఉద్యోగం కావాల్సినవాడికి ‘వద్దు’ అనే ధైర్యం ఎక్కడిది అంటారు. సబబైన ప్రశ్నే. అందుకే ఈ మాట యజమానులకూ చెప్పాలి. గ్లౌజులు, మాస్కులు, కళ్లద్దాలు కలిపి నెలకు అయ్యే ఖర్చు ఒక్క పాడైన అద్దం తొడుగు కంటే తక్కువ. కస్టమర్ కూర్చునే గదికి ఏసీ పెట్టించిన షెడ్డు కుర్రాడికి మాస్కు కొనలేనంటే నమ్మలేం. అయినా ఇవ్వకపోతే మొదటి జీతంలోంచి మీ మాస్కు మీరే కొనుక్కోండి. నామోషీ ఏం లేదు. ఆ జీతం కన్నా ఊపిరి ఎక్కువ కాలం కావాలి.

నేర్చుకోవడానికి దారులున్నాయి. ఐటీఐల్లో మెకానిక్ ఆటో బాడీ పెయింటింగ్, మెకానిక్ ఆటో బాడీ రిపేర్ అనే ట్రేడులున్నాయి. అన్ని ఐటీఐల్లో ఉండవు, చేరేముందు కనుక్కోవాలి. 2011లో ఏర్పడిన ఆటోమోటివ్ స్కిల్స్ డెవలప్‌మెంట్ కౌన్సిల్ ఈ రంగంలోని పనులకు నైపుణ్య ప్రమాణాలు రాసిపెట్టింది. మీరు ఏ కోర్సులో చేరినా ఆ ప్రమాణాలతో పోల్చి చూసుకోవచ్చు. పదార్థం లోతు తెలుసుకోవాలనుకునే వారికి గన్నవరం మండలం సూరంపల్లిలో సిపెట్ ఉంది. ప్లాస్టిక్స్, పాలిమర్ల చదువు అక్కడిది. నూజివీడు ట్రిపుల్ ఐటీలో 2008 నుంచి పదో తరగతి తర్వాత చేరిన గ్రామీణ విద్యార్థులు ఇంజినీరింగ్ చదువుతున్నారు. వాళ్లలో మెకానికల్, మెటలర్జీ విద్యార్థులు క్లియర్‌కోట్ మీద వేడి ప్రభావాన్ని ప్రాజెక్టుగా తీసుకుంటే పక్క ఊరి షెడ్డుకూ ఉపయోగం, వాళ్ల రెజ్యూమెకూ బలం. ప్రపంచ నైపుణ్య పోటీలైన వరల్డ్‌స్కిల్స్‌లో కార్ పెయింటింగ్ ఒక విభాగం. అందులో ఎక్కువ విభాగాలకు వయోపరిమితి 22 ఏళ్లు. ఆ వయసు మీది.

వారం రోజుల్లో డిటెయిలింగ్ మాస్టర్‌ను చేస్తామనే ప్రకటనల విషయంలో జాగ్రత్త. ఫీజు కట్టేముందు అడగాల్సినవి అడగండి. నా చేతికి ఎన్ని గంటలు మెషిన్ ఇస్తారు? పనికిరాని భాగాల మీద చేయిస్తారా, కస్టమర్ కార్ల మీదా? అల్ట్రాసోనిక్ మీటర్ ఉందా? మాస్కు ఎవరిస్తారు? వీటికి సూటిగా జవాబు రాకపోతే అక్కడ దొరికేది సర్టిఫికెట్ కాగితం మాత్రమే.

డబ్బు కట్టకుండా మొదలుపెట్టే మార్గమూ ఉంది. విజయవాడ ఆటోనగర్‌లో పాత విడిభాగాల దుకాణాలకు వెళ్లి విరిగిన స్పాయిలరో, పగిలిన అద్దం తొడుగో అడగండి. కార్బన్ ఫైబర్ దొరక్కపోతే క్లియర్‌కోట్ ఉన్న ప్లాస్టిక్ బంపర్ ముక్కైనా చాలు, వేడి విషయంలో అదీ దాదాపు ఇలాగే ప్రవర్తిస్తుంది. మధ్యలో టేప్ అంటించండి. ఒక సగం మీద మెత్తటి పాలిష్‌తో చేత్తో మొదలుపెట్టి, గీతలు ఎన్ని వరసలకు పోయాయో పుస్తకంలో రాసుకోండి. రెండో సగాన్ని కావాలనే పూత తెగేదాకా, మాస్కు పెట్టుకుని తడిపి రుద్దండి. మడ్డి రంగు ఎప్పుడు మారింది, చేతికి వేడి ఎలా తగిలింది, మెరుపు చచ్చేముందు ఉపరితలం ఎలా కనిపించింది, అన్నీ ఫొటోలు తీసి పెట్టుకోండి. మొదటి ఇంటర్వ్యూకు వెళ్లేటప్పుడు సర్టిఫికెట్ల ఫైలుతో పాటు ఆ ముక్కను కూడా సంచిలో వేసుకెళ్లండి. ‘ఇదేంటి?’ అని యజమాని అడుగుతాడు. పాడైన సగాన్ని ముందు చూపించండి.